భేండీ బజారు భవంతులలో ఎవరికి చోటు?



ముంబయి నడిబొడ్డున ఉన్న భేండీ బజారులో పాత భవనాలను పడగొట్టి బహుళ అంతస్తుల నివాసాలు నిర్మించే పథకం 2009లో మొదలైంది. దావూదీ బొహ్రాల ట్రస్టు చేపట్టిన ఈ పథకం పదహారున్నర ఎకరాలది. దాదాపు 250 భవనాలు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు దాని పరిధిలోనివి.

పునర్నిర్మాణమనగానే మనకు అనుమానం కలగడం సహజమే. అయితే 2017 ఆగస్టు 31న అదే పరిధిలోని హుసైనీ భవనం కూలి 30 మందికి పైగా మరణించారు. శిథిల గోడలను వారసత్వమని కీర్తించడం వాటి కింద నిద్రించనివారికి సులభం!

పగ్డీ ఇచ్చి తరతరాలుగా స్వల్ప అద్దెకు ఉంటున్న కుటుంబాలకు కనీసం 350 చదరపు అడుగుల ఇంటిని సొంత హక్కుతో ఇస్తామన్నారు. ఇది స్వల్ప విషయం కాదు. కాని అర్హత తేల్చేది కాగితమే. ఆ అద్దెదారు వద్ద ఒక మూలను తీసుకున్న దర్జీ, దుకాణపు అరుగుపై పడుకునే కూలీ, భర్త మరణానంతరం రసీదును తన పేరున మార్చుకోని స్త్రీ ఏ జాబితాకెక్కుతారు? ఎక్కినా, లిఫ్టుకు, నీటి మోటారుకు, కాపలాకు నెలనెలా అయ్యే ఖర్చును ఎట్లా భరిస్తారు?

రేపు మన హైదరాబాదు పాతబస్తీకీ ఇటువంటి ఒప్పందం రావచ్చును. కుటుంబాల జాబితా, తాత్కాలిక వసతి గడువు, నిర్వహణ ఖర్చు లిఖితపూర్వకంగా చూపే వరకు మనము సంతకం చేయరాదు. ఈ రాత్రి ఇంటికి వెళ్లి అద్దె రసీదులు ఎవరి పేరున ఉన్నవో చూడండి. వచ్చే సమావేశానికి వాటి నకళ్లు తీసుకొని రండి.