విశ్రాంతిలో ఉన్న కణం – కాల్షియం మట్టం

కాల్షియం అనగానే ఎముకలు, పళ్ళు, పాలు గుర్తొస్తాయి. కానీ మన ప్రాణం నిలబడుతున్నది కణాల లోపల అది దాదాపు లేకుండా ఉండడం వల్ల!

రక్తంలోని స్వేచ్ఛా కాల్షియంతో పోలిస్తే, విశ్రాంతిలో ఉన్న కణద్రవంలో ఉండేది సుమారు 10,000వ వంతే. ఈ తేడా తనంతట తాను నిలవదు. కణంలోని పొరల్లో ఉన్న పంపులు కణాల ఇంధనమైన ఏటీపీని ఖర్చుచేస్తూ, కాల్షియాన్ని రాత్రింబవళ్ళు బయటికీ, లోపలి సంచుల్లోకీ తోడేస్తుంటాయి.

ఇంత శ్రమ ఎందుకు? తెల్లటి గుడ్డ మీద చిన్న మరకైనా కనిపిస్తుంది కదా. లోపల అంత తక్కువ ఉంది కాబట్టే, కాల్షియం కొద్దిగా పెరిగినా కణం దాన్ని కబురుగా అందుకుంటుంది.

గుండెనే చూడండి. అది కొట్టుకున్న ప్రతిసారీ దాని కణాల్లో కాల్షియం ఒక్కసారిగా సుమారు పది రెట్లు పెరుగుతుంది, కండరం ముడుచుకుంటుంది. పంపులు దాన్ని తోడేశాకే కండరం సడలి, గుండె మళ్ళీ రక్తంతో నిండుతుంది. గుండె బలహీనపడిన చాలామందిలో ఈ తోడివేత మందగిస్తుంది. అప్పుడు విశ్రాంతి వేళ ఉండే కాల్షియం మట్టమే పెరిగి, గుండె పూర్తిగా సడలదు. ముడుచుకునే బలమూ తగ్గుతుంది.

ఇది విని పాలు మానేయకండి. తిన్న కాల్షియం నేరుగా కణద్రవంలో చేరిపోదు. మాత్రలు మాత్రం డాక్టరును అడిగే వేసుకోండి.