ఫోటోలో అమ్మ ఏదీ?



ఇవాళ మధ్యాహ్నం పని తెమిలాక, బీరువా అడుగున పడివున్న పాత ఆల్బమ్ ఒకటి బైటికి తియ్యండి. ఇంటిల్లిపాదీ ఎప్పుడో విహారానికి వెళ్ళినప్పటి ఫోటోలు ఒక్కొక్కటే చూడండి. పిల్లలు వుంటారు. వాళ్ళ నాన్నగారు నల్లకళ్ళద్దాలతో వుంటారు. తాతగారు కుర్చీలో కూర్చుని వుంటారు. మరి మీరెక్కడ? మీ అత్తగారెక్కడ? ఒక్కసారి లెక్కపెట్టి చూసుకోండి.

నేను లెక్కపెట్టుకున్నాను. అందుకే ఈ నాలుగు మాటలూ మీతో చెప్పాలనిపించింది.

మాది నాచారం. 2000 సంవత్సరం వేసవి సెలవుల్లో మేమంతా రామోజీ ఫిల్మ్ సిటీ చూడటానికి వెళ్ళాం. 1996లో మొదలైన ఆ ఫిల్మ్ సిటీ గురించి అప్పట్లో ఎవరింట చూసినా ముచ్చటే. నాచారం వాళ్ళకి స్టూడియో అంటే వింత కాదు. ఎన్.టి. రామారావుగారి రామకృష్ణా స్టూడియో మా వూళ్ళోనే వుంది. అయితే అది గోడ అవతల వుండే వింత. ఇది టిక్కెట్టు కొనుక్కుని దర్జాగా లోపలికి వెళ్ళి చూసే వింత! పదహారు వందల ఎకరాలకు పైబడిన చోటు. రైలు వెళ్ళని రైల్వే స్టేషను, విమానం ఎగరని విమానాశ్రయం, తోటలు, ఫౌంటెన్లు. పిల్లలకు వారం ముందునుంచే నిద్ర లేదు.

అప్పటికి మెట్రో రైలు లేదు. నాచారం నుంచి ఉప్పల్ చౌరస్తా, అక్కణ్ణించి నాగోలు మీదుగా ఎల్.బి. నగర్, మళ్ళీ బస్సు మారి హయత్‌నగర్ దాటి వెళ్ళాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అత్తయ్యగారు పులిహోర కలిపారు. నేను పూరీలు వత్తాను. దారిలో ఒక చెట్టు కింద కూర్చుని అందరం తిన్నాం. మా మరిది తన కెమెరా యిచ్చాడు. ముప్ఫైఆరు ఫోటోల రీలు ఒకటి కొని వేశాం.

వారం తరవాత ఫోటోలు కడిగించి తెచ్చారు. ఎంత సంబరమో! అత్తయ్యగారు ఒక్కొక్కటీ చూసి, ఆఖరున కవరు మూసి, "బాగున్నాయమ్మా, అందరూ బాగా పడ్డారు," అన్నారు. అంతే. ఆవిడ పడ్డది ఒకే ఒక్క దాంట్లో. అందులోనూ అంచున సగం చెయ్యి, ఆ చేతిలో నీళ్ళ సీసా. పిల్లలు ఆడుకునే చోటల్లా చెప్పులూ, సంచులూ, స్వెట్టర్లూ కాపలా కాస్తూ కూర్చున్నది ఆవిడే కదా! నేనూ రెండు ఫోటోల్లోనే వున్నాను. ఒకదాంట్లో చిన్నదాని ముక్కు తుడుస్తున్నాను.

అప్పుడు మాకెవ్వరికీ ఇది లోటుగా తోచలేదు. ఆడవాళ్ళంటే సామాను చూసుకునే వాళ్ళేనని మనమే అనుకున్నాం మరి.

ఇక్కడ మన నగరపు సంగతే ఒకటి చెప్పాలి. ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ పేరు మీరు వినే వుంటారు. ఆయన 1892లో హైదరాబాదులో కేవలం స్త్రీల కోసమే ఒక జనానా స్టూడియో తెరిచారు. పరదాలో వుండే స్త్రీలు మగవాళ్ళ కంట పడకుండా వచ్చి ఫోటో తీయించుకోవటానికి చుట్టూ ఎత్తయిన గోడలు కట్టించారు. దాన్ని నడిపించింది కెన్నీ లెవిక్ అనే దొరసాని. అంటే పరదా వున్న రోజుల్లోనే ఈ వూళ్ళో ఆడవాళ్ళు "మా రూపం కూడా నిలవాలి" అనుకున్నారన్నమాట. మనకు ఏ పరదా లేదు. అయినా సంచుల చాటున దాక్కుంటున్నాం!

ఇక నా కథకు వస్తాను. ఆ ఆల్బమ్ ఇరవయ్యేళ్ళు మంచం కింద పెట్టెలో వుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన మీకు గుర్తుండే వుంటుంది. ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్లకు పైగా పడింది. ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ వైపు ఎన్ని కాలనీలు మునిగాయో! మాది కింది వాటా. తెల్లవారేసరికి గదిలో మోకాలిలోతు నీళ్ళు. బియ్యం, పరుపులు, ఫ్రిజ్జు సంగతి చూసుకునే తొందరలో పెట్టె మాట మూడోనాటికి గాని గుర్తు రాలేదు. తీసి చూస్తే ఆల్బమ్ ఉబ్బిపోయి అట్టలా వుంది.

అప్పుడు నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. కంగారులో ఎండలో ఆరబెట్టాను. సగం ఆరాక ఒకదానికొకటి అంటుకున్న వాటిని లాగాను. బొమ్మ పొర పొరగా వూడి, రెండో ఫోటో వీపుకి అతుక్కుపోయింది. అలా తొమ్మిది ఫోటోలు పోయాయి. మిగతా వాటిని మా చిన్నది తెలిసినవాళ్ళని అడిగి సరైన పద్ధతిలో కాపాడింది. ఆ పద్ధతి చెబుతాను, వినండి.

తడిసి అంటుకున్న ఫోటోలని ఆరనివ్వకూడదు. శుభ్రమైన చల్లని నీళ్ళున్న వెడల్పాటి పళ్ళెంలో వుంచితే మెల్లగా వాటంతట అవే విడివడతాయి. బొమ్మ వైపు వేలు పెట్టి రుద్దకూడదు. అంచులు పట్టుకుని మరో మంచినీటి పళ్ళెంలో జాడించి, తెల్ల కాగితం మీద బొమ్మ పైకి వుండేలా నీడలో, గాలి ఆడే చోట పరవాలి. వార్తాపత్రిక వద్దు, దాని సిరా అంటుకుంటుంది. ఎండ, ఇస్త్రీ పెట్టె, జుట్టు ఆరబెట్టుకునే డ్రయరు, ఏదీ వద్దు. అద్దం ఫ్రేములో వున్న ఫోటో తడిస్తే, తడిగా వుండగానే జాగ్రత్తగా బైటికి తియ్యాలి. ఆరిందంటే అద్దానికే అతుక్కుపోతుంది. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. అంత తీరిక లేకపోతే ఫోటోల మధ్య మైనపు కాగితం వేసి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఫ్రిజ్జులో మంచు కట్టే అరలో పెట్టెయ్యండి. తీరిక చిక్కినప్పుడు తీసి బాగుచేసుకోవచ్చు.

వరద రాకపోయినా ఫోటోలకు గండాలు లేకపోలేదు. 1970, 80లనాటి కలర్ ఫోటోలు మీ ఇంట్లో ఎర్రబారి వుంటాయి చూడండి. వాటిలోని రంగుల్లో నీలిఛాయ ముందుగా వెలిసిపోవటం వల్ల అలా అవుతుంది. అంతకు ముందటి నలుపు తెలుపు ఫోటో వెండి రేణువులతో ఏర్పడ్డది. సరిగ్గా కడిగినదైతే అదే ఎక్కువకాలం నిలుస్తుంది. మీ అమ్మగారి పెళ్ళి ఫోటో మీ పెళ్ళి ఫోటో కంటే స్ఫుటంగా వుండటానికి కారణం ఇదే!

జిగురు పేజీ మీద ఫోటో పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పే ఆల్బమ్‌లు ఒకప్పుడు ప్రతి ఇంటా వుండేవి. ఆ జిగురే ఫోటోకి శత్రువు. తేలిగ్గా వచ్చే వాటిని తీసెయ్యండి. రానివాటిని లాగకండి. డెంటల్ ఫ్లాస్ అని మందుల షాపుల్లో దొరికే సన్నని దారాన్ని ఫోటో వెనకగా అటూ ఇటూ మెల్లగా ఆడిస్తే విడివడుతుంది. అటక మీద వేడి, నేలమీద చెమ్మ, స్నానాల గది గోడకి తడి. ఈ మూడూ తప్పించి బీరువా మధ్య అరలో పెట్టండి. చీరల మధ్య వేసే నాఫ్తలిన్ వుండలు మాత్రం వాటి దగ్గర వెయ్యకండి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను. ఫోటోలతోబాటు లాబ్ వాళ్ళు గోధుమరంగు నెగెటివ్ ముక్కలు యిచ్చేవారు, గుర్తుందా? చాలామంది అవి చెత్తనుకుని పారేశారు. మా వారు మాత్రం వాటిని ఒక బిస్కట్ల డబ్బాలో వేసి బీరువా మీద పెట్టారు. వరద నీరు అంత ఎత్తు రాలేదు. పోయిన తొమ్మిది ఫోటోలు మళ్ళీ వేయించుకుందామని ఆ డబ్బా తీసుకుని స్టూడియోకి వెళ్ళాం. కంప్యూటరులో ఒక్కొక్కటే చూపిస్తుంటే, మేమెన్నడూ చూడని బొమ్మ ఒకటి వచ్చింది.

కాస్త కదిలిన ఫోటో. అందుకనే అప్పట్లో లాబ్‌లో వేసి వుండరు. మా పెద్దవాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు, పేచీ పెట్టి కెమెరా తీసుకుని ఒక్కటి నొక్కాడు. మెట్ల మీద అత్తయ్యగారు! చుట్టూ మా అందరి చెప్పులూ, ఒళ్ళో సంచి, నోరారా నవ్వుతున్నారు.

ఇంటికి తెచ్చి చూపించాను. ఎనభై దాటిన మనిషి, కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు. "నేనేనా? అబ్బ, ఇన్ని పళ్ళు వుండేవా నాకు!" అన్నారు. ఆ సాయంత్రం మిగిలిన ఫోటోలు కూడా ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఫౌంటెన్ దగ్గర మా చిన్నదాన్ని ఎత్తుకుని నిలబడ్డావిడ ఎవరో మాకెవ్వరికీ గుర్తు లేదు. అత్తయ్యగారే చెప్పారు. పిల్ల జనంలో తప్పిపోయి ఏడుస్తుంటే పట్టుకొచ్చి అప్పగించిన వరంగల్లు ఆవిడట. నేను కంగారుపడతానని ఇన్నేళ్ళూ ఆ సంగతి నాతో చెప్పలేదుట!

అత్తయ్యగారు 2022లో వెళ్ళిపోయారు. మా వీధిలోనే అంతకు ముందు ఒక పెద్దావిడ పోతే, ఇంట్లో ఇంకే ఫోటో దొరక్క, ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించి దండ వేశారు. నలుగురు పిల్లల్ని పెంచిన తల్లి ఆవిడ. మా గోడమీద మాత్రం మెట్ల మీద కూర్చుని నవ్వుతున్న మా అత్తయ్యగారు వున్నారు. చెప్పులతో సహా!

అందుచేత మీకు మూడు పనులు చెబుతాను. ఒకటి, ఇంట్లో పెద్దవాళ్ళు వుండగానే వాళ్ళ పక్కన కూర్చుని ప్రతి ఫోటోలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగి రాసుకోండి. పాత నలుపు తెలుపు ఫోటో వెనక మెత్తని పెన్సిలుతో తేలిగ్గా రాయవచ్చు. నునుపైన కలర్ ఫోటో వెనక పెన్సిలు పడదు, బాల్ పెన్ను గట్టిగా నొక్కితే ముందుకు గాట్లు తేలతాయి. విడిగా చీటీ మీద రాసి, ఒక్కో ఫోటోనీ దాని చీటీతో ఒక్కో కవరులో పెట్టండి. రెండు, నెగెటివ్‌లు వుంటే డబ్బాలో వేసి ఎత్తున పెట్టండి. వీలైతే స్కాన్ చేయించి, పిల్లలందరికీ తలా ఒక కాపీ యివ్వండి. ఒక్క ఫోనులోనే వుంచుకుంటే, ఫోను పోయిన రోజున అన్నీ పోతాయి.

మూడోది మీ చేతిలోదే. ఈసారి ఎక్కడికి వెళ్ళినా సంచి కింద పెట్టండి. చెప్పుల కాపలా కాసేపు మీవారికి అప్పగించండి. ఫోను పిల్లవాడి చేతికిచ్చి, మీ అత్తగారినో అమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, నడిమధ్యన కూర్చోండి. జుట్టు చెదిరిందనీ, చీర నలిగిందనీ లేచిపోకండి. ఇరవయ్యేళ్ళ తరవాత మీ పిల్లలు మీ చీర నలగటం చూడరు, మీ ముఖం కోసం వెతుక్కుంటారు.