పిల్లల వ్రాతను కొలుచుట యెట్లు?

(వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో మా ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ దినమున ప్రధానోపాధ్యాయుడు నిలువబడి పరీక్షా ఫలితములు చదువుట వాడుక. ఎందరు పరీక్షకు కూర్చుండిరి, ఎందరు ఉత్తీర్ణులైరి, బహుమానములెవరికి వచ్చినవి అను లెక్కలన్నియు కార్యదర్శిగారి నివేదికలో మీరు వినియున్నారు. వానిని తిరిగి చెప్పి మీ కాలమును హరింపము. మా చేత జరిగిన యొక పొరపాటును, దానినుండి మేము నేర్చుకొనిన యొక పనిని మాత్రము మీకు విన్నవించుకొనదలచితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట ఐదవ తరగతి పిల్లలను ‘మా యింటి పశువు’ అను విషయముపై వ్యాసము వ్రాయుడంటిమి. ఒక బాలిక తన యింటి ఎనుమును గూర్చి వ్రాసెను. తెల్లవారుజామున జేజి లేచి దానికి కసువు వేయుట, పాలు పిండునపుడు దూడ పెనుగులాడుట, చెరువెండిన యేట దానిని అమ్మవలసివచ్చిన రాత్రి నాయన సంగటి ముట్టకపోవుట, ఇవన్నియు ఒకటిన్నర పుటలో వ్రాసెను. మేము ఎఱ్ఱసిరా కలము తీసికొని, ‘ఎనుము’ అని యున్న ప్రతిచోటను కొట్టివేసి ‘గేదె’ అని దిద్దితిమి. ‘ఉండాది’ అని యున్నచోట ‘ఉన్నది’ అని దిద్దితిమి. తప్పిన ఒత్తులను, దీర్ఘములను సరిచేసితిమి. తుదకు 25 మార్కులకు 9 వేసి నోటుపుస్తకము తిరిగి యిచ్చితిమి.

మరునాడు ఆమె తండ్రి వచ్చెను. సేద్యము చేసికొను మనిషి. కోపపడలేదు. “అయ్యవారూ, మా పాపకు తెలుగే రాదని వేసినారు గదా! మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదా?” అని మాత్రము అడిగెను. మేము ఏదో సమాధానము చెప్పితిమి గాని అది ఆయనకు గాని మాకు గాని తృప్తినీయలేదు. వచ్చిన జూన్ నెలలో ఆయన ఆ బాలికను వేరొక మాధ్యమమున చదువు చెప్పు పాఠశాలకు మార్చెను. ఆయనను మేము తప్పుపట్టలేము. మేము వేసిన అంకె ఆయన చెవికి అట్లే వినబడినది.

ఈ హోసూరు ప్రాంతమున తరతరములుగా నిలిచియున్న మనకు ఒక్కొక్క పిల్ల తెలుగు బడిని విడిచిపోవుట ఎంతటి నష్టమో మీకు తెలియనిది కాదు. అందుచేత ఆ 9 అను అంకెను గూర్చి మేము చాల దినములు ఆలోచించితిమి. ఆ బాలికకు ఏమి వచ్చునో, ఏమి రాదో అది చెప్పినదా? చెప్పలేదు. ఆమె చూచిన దానిని చూచినట్లు వ్రాసెను. మొదలు, నడుమ, తుద తెలిసి వ్రాసెను. తప్పినవి ఒత్తులు, దీర్ఘములు మాత్రమే. ఆ యొక్క లోపము తక్కిన గుణములన్నిటిని మ్రింగివేసినది. ఇక ‘ఎనుము’ అను మాట తప్పే కాదు. అది నిఘంటువులలోనున్న తెలుగు మాట. తమిళమున ‘ఎరుమై’, కన్నడమున ‘ఎమ్మె’ దానికి తోబుట్టువులు. మేము కొట్టివేసినది తప్పును కాదు, ఆ పిల్ల జేజి నోటి మాటను.

అటుపిమ్మట ఆ వ్యాసమునకు పేరు లేని నకళ్ళు తీయించి మా పాఠశాలలోని యిద్దరు ఉపాధ్యాయులకు విడివిడిగ ఇచ్చి దిద్దుడంటిమి. ఒకరు 17 వేసిరి. మరియొకరు 12 వేసిరి. మా 9తో కలిసి ఒకే కాగితమునకు మూడు తీర్పులు వచ్చినవి. ముగ్గురమును మంచి మనస్సుతోనే దిద్దితిమి.

ఇది మా బడికి మాత్రమే పట్టిన జాడ్యము కాదని చదువగా తెలిసినది. 1912లో అమెరికా దేశమున డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ అను ఇరువురు ఒకే ఆంగ్ల సమాధాన పత్రపు నకళ్ళను అనేక ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు పంపి దిద్దించిరి. నూటికి 64 మొదలు 98 వఱకు మార్కులు వచ్చినవి. భాషయందు ఇట్లుండుట సహజమే, లెక్కలలో ఉండదని కొందరనిరి. మరుసటి యేట రేఖాగణిత పత్రమును అట్లే పంపగా వ్యత్యాసము మరింత పెరిగినది. 1961లో పాల్ డీడెరిక్ మొదలగువారు 300 వ్యాసములను 53 మంది చదువరులకిచ్చి తొమ్మిది తరగతులుగ వేరుచేయుడనిరి. ఏ యొక్క వ్యాసమునకును అయిదింటికి తక్కువ కాకుండ వేర్వేరు తరగతులు వచ్చినవి. కారణము వెదకగా, ఒకరు భావమును, ఒకరు వర్ణక్రమమును, ఒకరు అమరికను, ఒకరు పదముల యెంపికను, ఒకరు రచనలోని తనదనమును ముఖ్యముగ చూచుచున్నారని తేలెను. అనగా అందరును కొలిచిరి, కాని కొలిచిన వస్తువు వేరు.

దీనికి పరిష్కారముగ విద్యావేత్తలు ‘రూబ్రిక్’ అను నొక పట్టికను వాడుచున్నారు. ఈ పదమునకు మూలమైన లాటిను మాటకు ఎఱ్ఱమన్ను అని యర్థము. పూర్వము వ్రాతప్రతులలో శీర్షికలను ఎఱ్ఱరంగుతో వ్రాసెడివారు గనుక శీర్షికకు ఆ పేరు వచ్చినది. మన యిండ్లలో పండుగనాడు గడపకు పూయు జేగురు వంటిదే అది. మేము మా పాఠశాలలో దీనిని ‘మెట్లపట్టిక’ అని పిలుచుచున్నాము.

పట్టికలో రెండే సంగతులుండును. దేనిని చూచెదము అనునది యొకటి. ఏ మెట్టున ఏమి కనబడవలెను అనునది రెండవది. వ్యాసరచనకు మేము నాలుగు అంశములు పెట్టుకొంటిమి: విషయము, క్రమము, మాటలు, వ్రాత. ఒక్కొక్కదానికి నాలుగు మెట్లు. విషయమును గూర్చిన మెట్లను వినుడు.

మొదటి మెట్టు: చెప్పవలసిన దానిని గూర్చి ఒకటి రెండు మాటలే యున్నవి.
రెండవ మెట్టు: సంగతి తెలియుచున్నది, కాని ఎవరైనను వ్రాయదగినట్లున్నది.
మూడవ మెట్టు: తాను చూచిన లేక వినిన సంగతులు రెండు మూడైన నున్నవి.
నాలుగవ మెట్టు: చూచిన సంగతులతోబాటు అవి ఏల జరిగినవో, తనకేమి తోచినదో కూడ నున్నది.

‘మాటలు’ అను అంశమున ఇంటిమాట వ్రాసినందుకు ఏ మెట్టును తగ్గింపము. ఇంటిమాటయు, పుస్తకపు మాటయు రెండును తెలిసి, ఎక్కడ ఏది తగునో యెఱిగి వ్రాయుట నాలుగవ మెట్టు. ఈ నిర్ణయమునకు వచ్చుటకు మా ఉపాధ్యాయుల నడుమ రెండు సమావేశములు పట్టినవి. ఇంటిమాటను ఒప్పుకొనినచో పరీక్షలో నష్టము రాదా అని కొందరు సందేహించిరి. అందుకే పుస్తకపు మాటను వదలిపెట్టలేదు. దానిని ఇంటిమాటను చెఱిపి కాక, దాని ప్రక్కన నిలిపి నేర్పవలెనని నిశ్చయించితిమి.

ఈ పట్టికతో ఆ పాత వ్యాసమును మరల చదివితిమి. విషయమున నాలుగవ మెట్టు, క్రమమున మూడు, మాటలలో మూడు, వ్రాతలో ఒకటి. ఆనాడు ఈ నాలుగు సంగతులను ఆ తండ్రికి చెప్పియుండినచో, “మీ పాప చక్కగ వ్రాయగలదు, ఒత్తులు, దీర్ఘములు మాత్రము నేర్పవలసియున్నది, ఆ పని మాది” అని చెప్పగలిగియుందుము. అది నిజము కూడ.

పట్టికను మొదటిసారియే సరిగ చేసితిమని చెప్పుకొనుటకు లేదు. మొదట వ్రాసిన దానిలో ‘బాగుగ వ్రాసినది’, ‘మిక్కిలి బాగుగ వ్రాసినది’ అని మెట్లు పెట్టితిమి. అది మార్కులకే మాటల తొడుగు తొడిగినట్లయినది. కంటికి కనబడు గుర్తులు వ్రాసిన తరువాతనే పని నడచినది. మరియొక చిక్కు కూడ వచ్చినది. పిల్లలు పట్టికను చూచి, దరఖాస్తు నింపినట్లు, అందరును ఒకే తీరున వ్రాయసాగిరి. అప్పటినుండి పట్టికను ముందుగ చదివి వినిపించి, భిన్నముగనున్న రెండు మంచి వ్యాసములను చూపి, రెండును ఏల మంచివో పిల్లల చేతనే చెప్పించుచున్నాము. ఇద్దరు ఉపాధ్యాయులు విడివిడిగ మెట్లు వేసి, రెండు మెట్ల తేడా వచ్చినచోట కలిసి మరల చదువుచున్నారు. ఎక్కాలకును, చూచివ్రాతకును ఇట్టి పట్టిక అక్కరలేదు. అక్కడ తప్పొప్పులు చాలును. వ్యాసము, కథ చెప్పుట, ప్రయోగము చేసి వివరించుట వంటి పనులకే దీని యవసరము.

మీలో కొందరి మనస్సున నున్న ప్రశ్న మాకు తెలియును. “పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో మార్కులే గదా చూచెదరు? ఈ మెట్లెందుకు?” అని. మార్కులను మేము మానివేయలేదు. శాఖవారు అడిగిన చోట మార్కులే వ్రాయుచున్నాము. కాని మార్కు ప్రయాణము ముగిసిన తరువాత చూచు మైలురాయి వంటిది. దారిలో ఎక్కడ కాలు తడబడుచున్నదో అది చెప్పదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము కూడ బాలుర అవగాహనను సమగ్రముగను, నిరంతరముగను మూల్యాంకనము చేయవలెనని చెప్పుచున్నది. సంవత్సరాంతమున ఒక అంకె వేసి చేతులు దులుపుకొనుట ఆ మాటకు తగిన పని కాదు.

మన పిల్లల విషయమున ఇది మరింత యవసరము. వారు ఇంట తెలుగు మాట్లాడుదురు, వీథిలో తమిళమును, కన్నడమును విందురు, బడిలో ఆంగ్లమును చదువుదురు. 2006 నాటి చట్టము ననుసరించి ఈ రాష్ట్రమున తమిళము ఒకటవ తరగతినుండి క్రమక్రమముగ నిర్బంధ పాఠ్యాంశమైనది. ఉన్న రాష్ట్రపు భాష మన పిల్లలకు చక్కగ రావలెననియే మా కోరిక. కాని ఇన్ని భాషల నడుమ పెరుగు పిల్ల విజ్ఞానశాస్త్రపు ప్రశ్నకు తప్పు జవాబు వ్రాసినపుడు, ఆమెకు సంగతి తెలియదా, లేక తెలిసిన సంగతిని చెప్పుటకు మాట దొరకలేదా అని వేరుచేసి చూడవలెను. రెండింటికి మందు వేరు. ఒకే మార్కు వేసినచో ఆ రెండును కలిసిపోవును.

కాబట్టి ఈ యేటినుండి మూడవ తరగతి మొదలు ప్రతి పిల్లతోను సంవత్సరమునకు మూడుమార్లు మెట్లపట్టికను ఇంటికి పంపదలచినాము. మీరు చేయవలసినవి మూడు పనులు గలవు.

మొదటిది, కాగితము చేతికి రాగానే “ఎన్ని మార్కులు?” అని గాక, “పోయినసారి ఏ మెట్టున నుంటివి, ఇప్పుడు ఏ మెట్టున నున్నావు?” అని అడుగుడు. ప్రక్కింటి పిల్లతో పోల్చవలదు. తన పాత కాగితముతోనే పోల్చి చూడుడు.

రెండవది, మీలో పలువురు తమిళ మాధ్యమమున చదివినవారు. తెలుగు మాట్లాడగలిగియు తెలుగు లిపి చదువలేనివారు గలరు. దానికి సిగ్గుపడవలసిన పని లేదు. పిల్లనే చదివి వినిపింపుమని చెప్పుడు. అది ఆమెకును ఒక పాఠమగును. అర్థము కానిచో బడికి రండు, మేము చదివి వివరించెదము.

మూడవది, ఇంటిలో జేజి, తాత చెప్పు కథలను పిల్లల చేత వ్రాయించుడు. ఆ వ్రాతలోని ఇంటిమాటలను మేము కొట్టివేయము.

మా లెక్కలో తప్పున్నదని మీకు తోచినచో మమ్ములను అడుగుడు. పట్టిక మీ చేతనున్నది గనుక ఇకమీదట మీరు ఊహతో గాక గుర్తు చూపి అడుగగలరు. “మా బిడ్డ ఈ సంగతి వ్రాసినాడు గదా, మూడవ మెట్టు ఏల యీయలేదు?” అని యొక తండ్రి అడిగిననాడు మాకు కష్టము కలుగదు. మా పని సరిగ జరుగుచున్నదని తలతుము.

ఎనుమును గూర్చి వ్రాసిన ఆ బాలిక తండ్రి ఈ సభలో లేరు. ఆనాడు ఆయనకు చెప్పవలసిన సమాధానమును ఆలస్యముగనైనను నేడు మీ యెదుట చెప్పుచున్నాము: మీరు ఇంటిలో మాట్లాడునది తెలుగే. మీ పాపకు తెలుగు వచ్చును. కొలుచుట రానిది మాకు.