ఘనతలో కొంత
(శతవార్షిక సభలో చేసిన ప్రసంగము)



మోషే తన కాలము తీరకముందే యెహోషువమీద చేయి ఉంచి, సమాజమంతటి ఎదుట అతనికి బాధ్యత అప్పగించిన సంగతి సంఖ్యాకాండములో చదువుతాము. తన ఘనతలో కొంత అతనికి ఇమ్మని దేవుడు మోషేతో చెప్పాడు. ఆ ‘కొంత’ను గురించి నేడు ఆలోచిద్దాము.

ఏలుబడి కొంచెము కొంచెముగా చేతులు మారడము మన పెద్దలు చూచినదే. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉండిన రోజులవి. 1919 చట్టము గవర్నరు అధికారాన్ని రెండుగా విభజించినది. విద్య, ప్రజారోగ్యము, స్థానిక పరిపాలన మంత్రులకు వచ్చినవి. పోలీసు, భూమిశిస్తు, ఖజానా గవర్నరు పక్షముననే నిలిచినవి. 1920 డిసెంబరులో సుబ్బరాయలు రెడ్డియారుగారు, 1921లో పానగల్ రాజావారు మంత్రివర్గానికి పెద్దలయ్యారు. బడి పెట్టించవలసినది మంత్రి. డబ్బు పెట్టె తాళము మరొకరిది. పని సాగకుంటే నింద మాత్రము మంత్రిదే.

1935 చట్టము ప్రకారము 1937 ఏప్రిల్ 1 నుండి రాష్ట్ర శాఖలన్నీ మంత్రుల చేతికి వచ్చినవి. అయినను గవర్నరుకు ప్రత్యేకాధికారములు మిగిలినవి. 1939లో రాజాజీ మంత్రివర్గము రాజీనామా చేయగా పాలన తిరిగి గవర్నరు చేతికే పోయినది. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము వచ్చినది. 1947 ఆగస్టు 15 తరువాత కూడా గవర్నరు ఆర్చిబాల్డ్ నై దొర 1948 వరకు మద్రాసులోనే ఉన్నారు. కుర్చీ అదే, మనిషీ ఆయనే. అధికారము మాత్రము మంత్రులది.

ఇంత మార్పుకు ఇంచుమించు 27 ఏండ్లు పట్టినది. నేర్చుకొనుటకు కాలము కావలసినదే. కాని నేర్చుకొన్నవానికి కూడా తాళము ఇవ్వకుంటే అది శిక్షణ కాదు, అపనమ్మకము.

ఆ చట్టముకంటె ముందే, 1912లో, అజరయ్యగారు దోర్నకలు బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు కావడము అదే మొదలు. దొరలు మనవారిని నమ్మవలెనని మన తాతలు ఆశించారు. నేడు మనము ఎవరిని నమ్ముతున్నాము? యౌవనులకు పందిరి పని, పాటల పని ఇస్తాము. లెక్కల పుస్తకము మాత్రము విడువము. స్త్రీల సమాజమువారు చందా పోగుచేస్తారు. ఖర్చు నిర్ణయము వారిని అడుగము. గవర్నరు పద్ధతి మనలోనే మిగిలియున్నది కాదా?

రెండవ శతాబ్దపు గడపమీద నిలిచిన మనము, మన ఘనతలో కొంత మన కన్నుల యెదుటనే, మనస్ఫూర్తిగా ఇచ్చెదము గాక. ఆమేన్.