బాల్యమైత్రి – దూరమైత్రి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన వేళ పుస్తకములను గూర్చి మాటలాడుట పరిపాటి. కాని గ్రంథాలయమునకు వచ్చువారందఱును పుస్తకము కొఱకే వత్తురనుట సత్యము కాదు. ప్రొద్దుటి పత్రిక కొఱకు వచ్చువాడు బల్లకడ నెవరున్నారో చూచి మఱి కూర్చుండును. ఒకరున్నచో గంటసేపు కదలడు. మఱియొకరున్నచో గుమ్మమునుండియే మరలిపోవును. ఈ రాకపోకల వెనుక నున్నది మైత్రి. లేదా మైత్రి చెడిన తరువాత మిగిలిన మౌనము. నేటి ప్రసంగమునకు విషయ మదియే.

బాల్యమున స్నేహము చేయుట ఎవరును నేర్పనక్కఱలేని విద్య. గోళీలాటకు ఒకడు తక్కువైనచో త్రోవను పోవు పిల్లవానిని పిలుతురు. వాని పేరేమో ఆట ముగిసిన పిమ్మట అడుగుదురు. వాని కులము, ఆస్తి, తండ్రి ఉద్యోగము అప్పటికిని అడుగరు; అవి ఇంటికి పోయిన తరువాత పెద్దలు అడుగు ప్రశ్నలు. పెద్దలకు అంత సులభముగా స్నేహితులు దొరకకుండుటకు హృదయము గట్టిపడుటయే కారణమని పలువురందురు. అంతకంటె సామాన్యమైన కారణ మొకటి కలదు.

అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెఫ్రీ హాల్ అను ఆచార్యుడు 2018లో ప్రకటించిన పరిశోధనమున స్నేహమునకు పట్టు కాలమును లెక్కకట్టెను. ముఖపరిచయము సామాన్యస్నేహ మగుటకు ఇంచుమించు 50 గంటలు, స్నేహము అనదగిన దగుటకు 90 గంటలు, ప్రాణస్నేహ మగుటకు 200 గంటలకు పైగా కలిసి గడపవలసియుండునని ఆయన తేల్చెను. స్నేహమునకు గంటల లెక్క యేమని నవ్వవచ్చును. నవ్విన పిమ్మట కాగితముపై వేసి చూచిన మంచిది. బడిలో దినమునకు ఆఱు గంటలు ప్రక్కప్రక్కన కూర్చున్న పిల్లలకు 34 దినములలో 204 గంటలు నిండును. జూన్ నెలలో బడి తెఱచినచో శ్రావణమాసమునాటికి వారు ప్రాణమిత్రులు. ఇక పెద్దవాడు వారమునకొక మాఱు టీకొట్టుకడ అరగంట మాటలాడెననుకొన్నచో ఏడాదికి 26 గంటలే జమపడును. ప్రాణమిత్రుడగుటకు దాదాపు ఎనిమిదేండ్లు కావలెను. ఆ యెనిమిదేండ్లలో ఒక ఎన్నికలు, ఒక పొలము కొలత, ఒక పెండ్లి పిలుపు మఱపు రాక మానవు.

మఱియొక భేదము కూడ కలదు. పిల్లలకు స్నేహము తెంచుకొనుటకు మాట యున్నది, కలుపుకొనుటకును మాట యున్నది. “నీ జట్టు కటీఫ్” అని మూతి ముడిచి పోయినవాడు మఱునాడు తాటిముంజెల బండితో వచ్చి “జట్టా?” అని యడుగును. అంతటితో సరి. తప్పెవరిదని విచారణ లేదు, మధ్యవర్తులు లేరు. పెద్దలకు మొదటి మాట మాత్రమే మిగిలి, రెండవది మఱపున పడినది.

పురాణములలో బాల్యస్నేహముల జంటలు రెండు ప్రసిద్ధములు. ఆ రెండింటను ఒకడు రాజు, ఒకడు నిరుపేద బ్రాహ్మణుడు. రెండింటను ఇరువురును గురుకులమున కలిసి చదివినవారే. పేదవాడు ఏండ్లు గడచిన పిమ్మట రాజు వాకిటికి పోవుటయు రెండింటను కలదు. ఇంత సామ్య ముండియు ఒకటి అటుకులతో ముగిసినది, రెండవది నెత్తుటితో ముగిసినది.

ద్రుపదుడును ద్రోణుడును భరద్వాజుని ఆశ్రమమున కలిసి పెరిగిరి. రాజ్యము వచ్చినపుడు అది నీదియు నగునని బాలుడైన ద్రుపదుడు మాట యిచ్చెను. పిల్లలు ఇట్టి మాట లిత్తురు. తరువాత ద్రోణుడు కొడుకునకు పాలైన పోయలేని దారిద్ర్యముతో పాంచాలరాజు కొలువునకు పోయి, తాను బాల్యసఖుడనని చెప్పుకొనెను. రాజునకును పేదకును సఖ్యమేమని ద్రుపదుడు నిండుకొలువులో పరిహసించెను. రాజునకు కొన్ని పాడియావులు లెక్క కావు. నాడు అవి యిచ్చి పంపియున్నచో భారతకథ మఱియొక త్రోవను పోయెడిదేమో! ద్రోణుడు పగపట్టి, శిష్యులచేత ద్రుపదుని కట్టి తెప్పించి, సగము రాజ్యము తాను గైకొని సగము తిరిగి యిచ్చి, ఇప్పుడు సమానులమైతిమి గనుక స్నేహితులముగా నుందమనెను. ద్రుపదుడు పైకి సరేయని లోన ద్రోణుని చంపు కొడుకు కొఱకు యజ్ఞము చేసెను. యుద్ధమున పదునేనవ నాడు ద్రోణుని చేతిలో ద్రుపదుడును, ద్రుపదుని కొడుకు చేతిలో ద్రోణుడును మడిసిరి.

ద్రుపదునిది మదమనుటలో సందేహము లేదు. ద్రోణుని యందు తప్పు లేదని వాదించువారు కలరు. కాని ఆయన సగము రాజ్యము పుచ్చుకొని స్నేహమును తిరిగి యిమ్మనిన తీరు, బాకీ వసూలు చేసి రసీదు వ్రాసిన తీరుగా నున్నది. లెక్క సరిపోయినది. మిత్రుడు మాత్రము రాలేదు.

కుచేలుని కథ పోతన భాగవతమున దశమస్కంధమందలిది. దానిని ఈ యూర వినని వారుండరు గనుక విస్తరింపనక్కఱలేదు. అటుకులను, మేడలను అందఱును చెప్పుదురు. వానికి ముందున్న ఘట్టమును పలువురు త్వరగా దాటిపోదురు. కృష్ణుడు మిత్రుని పాదములు కడిగి, పాన్పుపై కూర్చుండబెట్టి, చేయి పట్టుకొని మొట్టమొదట తెచ్చిన ప్రస్తావన యేది? గురుపత్ని కట్టెలకై పంపినపుడు అడవిలో గాలివాన పట్టుకొనుట, చీకటిలో త్రోవ తెలియక ఒకరి చేయి ఒకరు విడువక రాత్రియంతయు తిరుగుట, తెల్లవాఱిన పిమ్మట సాందీపని వెదకికొని వచ్చుట. ద్వారకాధిపతికి ఆనాటి తడిబట్టలు జ్ఞప్తియందున్నవి. కుచేలుడు ఏమియు అడుగకుండ తిరిగిపోయెను. అడుగవలసిన అవసరము కనబడియుండదు. పెట్టుపోతలు తరువాతివి. ఇద్దఱు కలిసి తడిసిన రాత్రిని గొప్పవాడే ముందుగా తలచుకొనుట ఆ స్నేహమును నిలిపినది. ద్రుపదుడు మఱచినదియు, మఱచినట్లు నటించినదియు అట్టి రాత్రులనే.

పురాణములు దేవతల మాటలని కొట్టివేయువారికి గోదావరి మండలముననే దృష్టాంత మొకటి కలదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారికడ సహాధ్యాయులు. ఇద్దఱును కలిసి తిరుపతి వేంకటకవులను నొక్క కవియైరి. ఊరూర అవధానములు చేసిరి. పాండవోద్యోగ విజయములు వ్రాసిరి. ఆ నాటకములలోని పద్యము రాని రైతు ఒకప్పు డీ ప్రాంతమున అరుదు. 1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిరి. వేంకటశాస్త్రిగారు 1950 వఱకు జీవించిరి. ఆ ముప్పదియేండ్లలో ఒంటరిగా వ్రాసిన గ్రంథములకును ఆయన జంటపేరే పెట్టిరి. చనిపోయిన మిత్రునికి కీర్తిలో సగపాలు ముప్పదియేండ్లపాటు తప్పక చెల్లించిన వారింకొకరు తెలుగుదేశమున కానరారు. అన్నదమ్ములు కూడ తండ్రి పోయిన యేడాదికే పాళ్లు విడదీసికొనుట లోకమునకు తెలిసినదే.

ఇంతవఱకు చెప్పినవన్నియు మగవారి స్నేహములు. ఆడవారి బాల్యస్నేహములను గూర్చి పురాణములును అంతగా పట్టించుకొనలేదు, ఊరును పట్టించుకొనలేదు. అట్లతద్దినాడు ఒక ఉయ్యాల నూగి, ధనుర్మాసమున కలిసి గొబ్బెమ్మలు పెట్టిన పిల్లలు పెండ్లితో తలయొక యూరికి చెదరిపోవుదురు. మగవాని చిన్ననాటి మిత్రుడు ప్రక్కవీధిలోనే ముసలివాడగును. ఆడుదాని నేస్తము ఏ యూర నున్నదో, ఉన్నదో లేదో కూడ తెలియదు. పుట్టినింటికి ఇరువురును ఒకే పండుగకు వచ్చిననే కలయిక. కార్డు వ్రాయుదమన్న కొందఱికి చదువు లేదు. చదువున్నవారికి ఆ యూరి చిరునామా లేదు. భారతదేశమున పోస్టుకార్డు 1879లోనే వచ్చినను అది ఆ యిల్లాండ్ర మధ్య నడచినది తక్కువ.

కావున సెల్‌ఫోనును నిందించువారు ఈ యొక్కమాట వినవలెను. మనుమరాలు వాట్సాపులో వెదకి కలిపినపుడు నలువదియేండ్ల తరువాత నేస్తము ముఖము చూచి, మొదట గుర్తుపట్టక, గొంతు విని గుర్తుపట్టిన ముసలమ్మలు గ్రామములలో నున్నారు. “ఒసే, నీ జడ యేమైనదే?” అని యడుగుటకు నలువదియేండ్లు పట్టినది. ఆ యంత్రము చెఱచిన సంసారములు కొన్ని యుండవచ్చును. ఇది మాత్రము దాని ఖాతాలో జమ.

అయితే ఎన్నడును చూడనివారితో ఫోనుద్వారా క్రొత్తగా చేయు స్నేహము మాట యేమి? ఫేస్‌బుక్కున ఒకరికి 5000 మందికి మించి మిత్రులుండరాదని నియమము కలదట. 5000 మందికి అన్నము వడ్డించుటయే ఒక సంబరము. వారందఱి కష్టసుఖములు ఎవ డడుగగలడు? ఈ విషయమున చిన్నయసూరిగారి నీతిచంద్రిక నేటికిని పనికివచ్చును. 1853లో వెలువడిన ఆ గ్రంథములోని మిత్రలాభమున హిరణ్యకమను ఎలుక, లఘుపతనకమను కాకి స్నేహము కోరి వచ్చినపుడు కలుగులోననే యుండి మాటలాడెను. కాకికి ఎలుక ఆహారమని దానికి తెలియును. పలుమాఱులు పరీక్షించిన పిమ్మటనే వెలికి వచ్చెను. ఆ స్నేహము నిలిచినది. ఆ మిత్రలాభముననే మఱియొక జింక, తొలిచూపుననే తియ్యగా పలుకరించిన నక్కను నమ్మి వెంటబోయి చేనిలోని ఉరిలో చిక్కుకొనెను. తెలిసినవారి ఫొటోయును పేరును పెట్టుకొని, ఆపదలో నున్నాను, వెంటనే డబ్బు పంపుమని ఫోనులో వ్రాయు నక్కలు నేడు పెక్కు. అట్టి మోసము జరిగినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను. తొలుత ఆ మిత్రుని పాత నంబరుకే ఫోను చేసి గొంతు వినుట అంతకంటె మేలు.

చూడని స్నేహమంతయు బూటకమనుటయు సరికాదు. తమిళుల ప్రాచీన సంఘసాహిత్యమున, పురనానూఱను సంకలనమున, ఉఱైయూరు నేలిన కోప్పెరుంజోళుడను రాజును, పాండ్యదేశమందలి పిసిరను నూరి కవియైన ఆందైయారును గూర్చిన పద్యములు కలవు. ఇరువురును ఒకరి నొకరు ఎన్నడును చూడలేదు. ఒకరి గుణములు ఒకరు విని మిత్రులైరి. ఉత్తరదిక్కునకు పోవు హంసను పిలిచి, ఉఱైయూర దిగి రాజునకు తన పేరు చెప్పుమని ఆ కవి యొక పద్యమున కోరెను. తెలుగువారికి నలదమయంతుల హంస తెలిసినదే. ఇది స్నేహితుల నడుమ తిరుగు హంస. తరువాత కన్నకొడుకులే తనపై తిరుగబడగా రాజు విరక్తుడై, ఉత్తరాభిముఖముగా కూర్చుండి, నిరాహారుడై ప్రాణములు విడువ నిశ్చయించెను. తన ప్రక్కన పిసిరాందైయారునకు చోటు విడువుమనెను. ఎన్నడును చూడని మనిషి అంత దూరమునుండి వచ్చునా యని చుట్టునున్నవారు సంశయించిరి. సంపదలున్ననాడు రాకున్నను ఆపదనాడు రాక మానడని రాజు చెప్పెను. ఆ కవి వచ్చెను. ఆ చోటనే కూర్చుండి తానును ప్రాణములు విడిచెనని పద్యములు చెప్పుచున్నవి.

ఉఱైయూరునకును పిసిరునకును నడుమ ఎన్నో ఆమడలు. ఆ దూరమును ఒక హంస దాటినది. ఒకే పొలమునకు చెఱియొక వైపున నున్న ఇద్దఱి నడుమ దూరము రెండడుగుల గట్టు. అది దాటుటకు ఏ పక్షియు దొరకదు. గట్టు తగవుతో మాటలు మానిన బాల్యమిత్రులు లేని గ్రామము అరుదు. ఈ గ్రామమును ఆ లెక్కలోనిదే.

ఈ గ్రంథాలయము ఉదయమున నొకమాఱు, సాయంకాలమున నొకమాఱు తెఱవబడును. ఉదయము వచ్చువారిలో నొకరు సాయంకాలము రారు. సాయంకాలము వచ్చువారిలో నొకరు ఉదయము రారు. ఒకప్పుడు ఒకే పలకపై ఓనమాలు దిద్దినవారు. ఇద్దఱును చదువరులే. పుస్తకము లిచ్చు చిట్టాను త్రిప్పి చూచినచో ఒకరు తిరిగి యిచ్చిన పుస్తకమును మూడునాళ్లలో రెండవవారు తీసికొనిపోయినట్లు ఎన్నో పుటలలో కనబడును. సంతకము క్రింద సంతకము. ఒకరు పెన్సిలుతో గీటుపెట్టిన చోట రెండవవారు ఇంకొక గీటు పెట్టుటయు కలదు. గ్రంథాలయ పుస్తకములపై గీతలు గీయరాదను నియమము ఆ రెండు గీటుల విషయమున పాలకవర్గమువారు మన్నింపవలెను.

రజతోత్సవము పుణ్యమా యని నేడు ఉదయపువారును సాయంకాలపువారును ఒక్క వేళకే వచ్చియున్నారు. సభానంతరము ఫలాహారములు లోపలి పత్రికల బల్లకడ ఏర్పాటైనవి. ఆ బల్లకు ఉన్నవి రెండు బెంచీలే గనుక వచ్చినవారందఱును కొంచెము సర్దుకొని కూర్చుండవలసినదిగా ప్రార్థన.