నల్లబల్ల యెదుట విద్యార్థి

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



గణితశాస్త్రమనగానే పెక్కుమంది మనస్సున మెదలునవి ఎక్కాల పుస్తకము, పరీక్ష, తప్పిన లెక్క, ఉపాధ్యాయుని బెత్తము. ఆ శాస్త్రమున తెలియవలసినదంతయు పూర్వులే తెలిసికొని గ్రంథములందు భద్రపరచి పోయిరనియు, నేటి విద్యార్థికి మిగిలినది కంఠస్థము చేయుటయేననియు ఒక నమ్మకము లోకమున పాతుకొనియున్నది. పట్టపరీక్షయైనను ముగియని పిల్లలు క్రొత్త గణితమును కనుగొని, పెద్దల సభలో నిలిచి వినిపించుచున్నారన్నచో వినువారికి వింతగా తోచును. కాని అది నిజము. అట్టి సభల తీరును, వాని వలన కలుగు మేలును ఈ ప్రసంగమునకు విషయములు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1915లో ‘మేథమేటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా’ అను సంఘము స్థాపింపబడినది. కళాశాలలలో గణితబోధను పెంపొందించుట దాని ముఖ్యాశయము. దేశము సువిశాలమగుటచే ఆ సంఘమునకు 29 ప్రాంతీయ శాఖలు ఏర్పడినవి. ఒక్కొక్క శాఖ తన ప్రాంతమున సభలు జరుపును. ఆ సభలలో ఆచార్యులతో పాటు పట్టవిద్యార్థులకును వేదిక లభించుచున్నది. కేవలము విద్యార్థుల కొరకే యేర్పడిన ప్రాంతీయ సభలును కలవు. న్యూయార్కు రాష్ట్రమందలి సియానా కళాశాలలో 1994లో ఆరంభమైన హడ్సన్ నదీప్రాంత విద్యార్థి గణితసభ అట్టిది.

ఈ సభలలో ఆడంబరము తక్కువ. ఏదో యొక కళాశాలలోని తరగతి గదులే సభామందిరములు. ఒక్కొక్క విద్యార్థికి ఇంచుమించు పావుగంట కాలము ఒసగబడును. ఆ పావుగంటలో తాను తీసికొన్న సమస్య యేమి, దానిని గూర్చి పూర్వులు చెప్పినదేమి, తాను కనుగొన్నదేమి, అది సత్యమనుటకు నిరూపణ యేమి అను నాలుగు విషయములను స్పష్టపరుపవలెను. పిమ్మట ప్రశ్నలు. అడుగువారిలో తనతోడి విద్యార్థులుందురు. తల నెరసిన ఆచార్యులుందురు. కొందరు తమ కృషిని పెద్ద కాగితముపై వ్రాసి గోడకు తగిలించి, వచ్చి చూచువారికి ఓపికతో వివరింతురు.

ఇంత చిన్నవారు చేయు పరిశోధన యెట్టిదని సందేహము కలుగవచ్చును. ఒక దృష్టాంతమును చూడుడు. ఇది ఎన్నడో తెలిసిన విషయమే యైనను, పని జరుగు తీరు దీనివలన బోధపడును. వరుస సంఖ్యలను కూడి ఏయే మొత్తములను పొందవచ్చును? 4, 5 కూడిన 9 వచ్చును. 1, 2, 3, 4 కూడిన 10 వచ్చును. 3, 4, 5 కూడిన 12. పలకపై వేసి చూచినకొలదియు సంఖ్యలు ఒకదాని వెంట నొకటి దొరకుచునేయుండును. కాని 4 దొరకదు. 8 దొరకదు. 16 దొరకదు. 32 దొరకదు. రెంటిని రెంటిచే మరల మరల హెచ్చింపగా వచ్చు సంఖ్యలు మాత్రమే చిక్కకున్నవి.

ఇంతవరకు చేసినది పరిశీలనము. ఇప్పుడు సభలో నొకరు లేచి, “ముందెన్నడో ఒక పెద్ద సంఖ్య వద్ద ఈ నియమము చెడదని యెట్లు చెప్పగలవు?” అని యడుగుదురు. అచ్చటనే గణితము మొదలగును. కూడిన సంఖ్యలు బేసి లెక్కలో నున్నచో, నడిమి సంఖ్యను ఆ లెక్కచే హెచ్చించిన మొత్తము వచ్చును. కావున మొత్తమును ఒక బేసి సంఖ్య నిశ్శేషముగా భాగించును. సరి లెక్కలో నున్నచో మొదటిదానిని చివరిదానితోను, రెండవదానిని చివరనుండి రెండవదానితోను జతపరుపవలెను. ప్రతి జతయు ఒకే విలువ గలదై, ఆ విలువ బేసియే యగును. ఏలయన నడుమనున్న జత పక్కపక్క సంఖ్యలు గదా. కావున ఏ విధమున కూడినను మొత్తమునకు ఒకటికంటె పెద్దదియగు బేసి భాజకము తప్పదు. 4, 8, 16, 32 మొదలగువానికి అట్టి భాజకము లేదు. కనుక అవి యెన్నటికిని రావు. వేయి లెక్కలు వేసి చూపినను కలుగని నిశ్చయము ఈ నాలుగు మాటలచే కలిగినది.

విద్యార్థులకు తగిన సమస్యలను ఏరి యిచ్చుట గురువుల నేర్పు. జోసెఫ్ గాలియన్ అను ఆచార్యుడు 1977లో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు డులూత్ ప్రాంగణమున పట్టవిద్యార్థులకు వేసవి పరిశోధన శిబిరమును ఆరంభించెను. చాల గ్రంథములు చదువకయే అర్థము చేసికొనదగి, ఇంకను ఎవ్వరును సాధింపని సమస్యలను ఆయన వారికి ఒసగెడివాడు. 1987 నుండి అమెరికా జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానము ఇట్టి వేసవి పరిశోధనకు ప్రత్యేక పథకము ద్వారా ధనసహాయము చేయుచున్నది. వేసవిలో సాధించినదానిని సభలలో వినిపించుట ఆచారమైనది.

ఇది పిల్లల వేడుక మాత్రమే యనుకొనువారు 2023 వేసవిలో కొలరాడో విశ్వవిద్యాలయపు బౌల్డరు ప్రాంగణమున జరిగినదానిని తెలిసికొనవలెను. వృత్తలేఖినితో ఒక పెద్ద వృత్తమును గీచి, దానిలో సగము వ్యాసార్ధము గల రెండు వృత్తములను ఒకదానికొకటి తాకునట్లు గీయుడు. మిగిలిన సందులలో మూడవవంతు వ్యాసార్ధము గల వృత్తములు సరిగా ఇముడును. ఆ పిమ్మటి సందులలో ఆరవవంతు వ్యాసార్ధము గలవి ఇముడును. ఇట్లు అంతులేకుండ నింపుచు పోవచ్చును. ఇచ్చట వచ్చు 2, 3, 6 వంటివి అన్నియు పూర్ణసంఖ్యలే. ఇట్టి అమరికలు ఎన్నియో కలవు. ఒక్కొక్క అమరికలో 24చే భాగింపగా కొన్ని శేషములు వచ్చు సంఖ్యలు మాత్రమే కనిపించును. అట్టి శేషము గల సంఖ్యలలో మిక్కిలి పెద్దవన్నియు తప్పక కనిపించునని ఇంచుమించు ఇరువది సంవత్సరములు పండితులు విశ్వసించిరి.

క్లైడ్ కెర్ట్జరు అను పట్టవిద్యార్థియు, సమ్మర్ హాగ్ అను స్నాతకోత్తర విద్యార్థినియు ఆ సంఖ్యలను గణనయంత్రముపై పరిశీలించి పటములు గీచిరి. ఉండవలసిన కొన్ని కానరాలేదు. పెద్దలు నమ్మినది తప్పగునా, తమ లెక్కయే తప్పియుండును అని వారు కాగితములు మడిచి పెట్టినచో ఆ విషయము అంతటితో మరుగుపడెడిది. వారు తమ గురువులగు జేమ్స్ రికర్డ్స్, కేథరిన్ స్టాంజి గారలకు చూపిరి. గురువులు శిష్యుల మాటను తేలికగా త్రోసివేయలేదు. 1801లో ప్రచురితమైన గౌసు మహాశయుని గ్రంథమున నిరూపింపబడిన ఒక ప్రాచీన సిద్ధాంతము సాయమున, పెక్కు అమరికలలో వర్గసంఖ్యలకు సంబంధించిన కొన్ని కుటుంబములు ఎన్నటికిని రావని నిరూపణ దొరకినది. ఆ వ్యాసము నలుగురి పేరిట వెలువడినది. పెద్దల విశ్వాసము తొలగినది, సత్యము నిలిచినది.

విద్యార్థిసభల విలువ యిందే యున్నది. ప్రశ్నించుటకు వయస్సు అడ్డు రాదనియు, వయస్సుచే మాత్రమే ఏ మాటయు సత్యము కాదనియు అవి నేర్పును. అడిగినదానికి సమాధానము తోచనప్పుడు “తెలియదు, ఆలోచింతును” అని నలుగురిలో అనగలుగుట ఒక విద్య. తన నిరూపణలోని లోపమును మరియొకరు చూపినప్పుడు కోపగింపక కృతజ్ఞత తెలుపుట అంతకంటె గొప్ప విద్య. పరీక్షాపత్రము ఈ రెంటిని నేర్పజాలదు.

ఈ మార్గము తెలుగుదేశమునకు పరాయిది కాదు. 1907లో అనంతపురము మండలములోని గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా నుండిన వి. రామస్వామి అయ్యరుగారు కొందరు మిత్రులతో ఒక గణితసంఘమును నెలకొల్పిరి. అదియే నేటి భారత గణిత సంఘము. దాని తొలి యుద్దేశము మిక్కిలి సామాన్యమైనది: ఒంటరిగా ఎవ్వరును కొనజాలని గణిత గ్రంథములను, పత్రికలను చందాలతో తెప్పించి, సభ్యులలో ఒకరినుండి యొకరికి పంపుకొని చదువుట. అనగా అది మొదట ఒక గ్రంథాలయము. ఆ సంఘము తన పత్రికను వెలువరింపగా, 1911లో కళాశాల పరీక్షలో తప్పిన ఒక యువకుని వ్యాసము అందు అచ్చయినది. ఆ యువకుడు శ్రీనివాస రామానుజన్. పరీక్ష త్రోసిపుచ్చిన వానిని చదువరుల సంఘము చేరదీసినది.

ఇరువదియైదు సంవత్సరములు దీపము వెలిగించి గ్రామస్థులకు పుస్తకమును అందించిన గ్రంథాలయము చేయవలసిన తరువాతి పని దీనినిబట్టి తెలియును. పుస్తకమును ఇచ్చుట సగము పని. చదివినవాని మాట వినుట మిగిలిన సగము. నెలకొక సాయంకాలము ఈ మందిరమున ఒక నల్లబల్ల నిలిపి, ఊరి పిల్లలలో నొకరు తాము ఆలోచించిన లెక్కను చెప్పగా, పెద్దలు కూర్చుండి వినవచ్చును. దానికి వ్యయము సుద్దముక్క మాత్రమే. అర్థము కానిచోట పెద్దలు “ఎందువలన?” అని యడిగిన చాలును. ఆ యొక్క ప్రశ్నకు బదులు వెదకుటలోనే పిల్లవాడు గణితజ్ఞుడగును.