నాలుగు పేజీల వెనక నెల రోజులు



"నాలుగు పేజీలే కదా బాబూ, దానికి నెల రోజులెందుకు?" బరంపురంలో పట్టుచీరల దుకాణం నడుపుతున్న ఒక పెద్దాయన మొదటిరోజున నన్ను అడిగిన ప్రశ్న ఇది. వెబ్‌సైట్లు తయారుచేసే వృత్తిలో ఉన్న వాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే. ఆ రోజున నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ నెల రోజుల్లో తెర వెనక ఏమేమి జరిగిందో చెబితే, రేపు మీరు మీ దుకాణానికో, సంఘానికో వెబ్‌సైటు పెట్టించుకోదలచినప్పుడు ఏమి అడగాలో తెలుస్తుందని ఈ నాలుగు మాటలు.

మొదటి వారం నేను కంప్యూటరు తెరవనే లేదు. రోజూ సాయంత్రం దుకాణంలో ఒక మూల కూర్చుని, వచ్చినవాళ్ళు ఏమడుగుతున్నారో, ఫోనులో ఏమడుగుతున్నారో ఒక పుస్తకంలో రాసుకున్నాను. అసలు పట్టేనా? ధర ఎంత? మా ఊరికి పంపుతారా? రంగు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా? దాదాపు అందరివీ ఈ ప్రశ్నలే. పెద్దాయనకు మాత్రం మొదటి పేజీలో వాళ్ళ తాతగారి ఫొటో, దుకాణం చరిత్ర ఉండాలని కోరిక. కాదంటే చిన్నబుచ్చుకున్నారు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు కూడా. చివరికి మొదటి పేజీలో చీరలు, ధరలు, ఫోను నంబరు. రెండో పేజీలో తాతగారు అని ఒప్పందానికి వచ్చాం. ఇలాంటి ఒప్పందాలు కుదర్చడం ఈ పనిలో సగం భాగమని ఏ తరగతిలోనూ చెప్పరు.

ఆ తరువాత ఫొటోలు. దుకాణంలో ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో ఎరుపు చీర ఊదాకు తిరిగింది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయిన చీరయితే చెప్పనే అక్కర్లేదు, ఏ వైపునుంచి చూస్తే ఆ రంగు. చూసిన రంగు ఒకటి, ఇంటికొచ్చిన రంగు ఒకటి అయితే ఆ చీర తిరుగుటపాలో వస్తుంది. అందుకని మేడమీద నీడపట్టున, పగటి వెలుగులో ఇరవై చీరలు మళ్ళీ తీశాం. ఫోను తీసిన ఒక్కొక్క ఫొటో నాలుగైదు మెగాబైట్లు ఉంటుంది. ఇరవై కలిపితే సుమారు వంద. ఆ బరువు యథాతథంగా పెడితే పల్లెలో చూసేవారు పేజీ తెరుచుకునేలోగా విసుగెత్తి వెళ్ళిపోతారు. ఒక్కొక్కదాన్నీ రెండు వందల కిలోబైట్ల లోపుకు తగ్గించాను, అంచు మీది ఫోడా కుంభం చెదరకుండా.

ఇక అక్షరాల సంగతి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాజధానిలో ఉన్న ఊరు మాది. దుకాణం బోర్డు మీద తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. వెబ్‌సైటులోనూ మూడూ ఉండాలన్నారు, న్యాయమే. తెలుగు పాఠం ప్రెస్సువాళ్ళు కరపత్రం కోసం టైపు చేసినదే ఇచ్చారు. దాన్ని తెచ్చి పేజీలో పెడితే ఒక్క తెలుగు అక్షరం లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజి! పాత డీటీపీ ఫాంట్లలో మన 'అ' కంప్యూటరు లోపల వేరే ఏదో గుర్తుగా ఉంటుంది. ఆ ఫాంటు ఉన్నచోటే అది తెలుగు. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకటే సంఖ్య. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకూ ఒడియాకూ చోటు దొరికింది. పాతదాన్ని కొత్తదానిలోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి కాని, అవి వత్తులు మింగేస్తాయి. 'పట్టు' కాస్తా 'పటు' అయి కూర్చుంది. అక్షరమక్షరం చదివి దిద్దాల్సి వచ్చింది. ఒడియా భాగాన్ని పొరుగింటి బడిపంతులుగారు దిద్దిపెట్టారు. ఇంత అవస్థ ఎందుకు, కరపత్రాన్నే ఫొటో తీసి పెట్టెయ్యమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. ఫొటోలోని రాతను చదివే నేర్పు యంత్రాలకు ఇప్పుడు కొంత వచ్చినా, దాన్ని నమ్ముకోలేం. అక్షరాలు అక్షరాలుగా ఉంటేనే వెతికేవారికి మనం దొరుకుతాం. చూపులేనివారికి వాళ్ళ ఫోను చదివి వినిపిస్తుంది కూడాను.

అసలు కష్టం ఇవేవీ కావు. వెబ్‌సైటు పేరు దగ్గర వచ్చింది. పెద్దాయనకు ఇంతకుముందే ఒక వెబ్‌సైటు ఉండేది. దాన్ని చేసినతను పేరును తన ఖాతాలోనే, తన ఈమెయిలుతోనే రిజిస్టరు చేశాడు. దురుద్దేశం కాదు, అదే సులువు కనక. తరువాత అతను ఊరు మారాడు. వెబ్‌సైటు పేరు మనం కొనుక్కునేది కాదు, ఏళ్ళ లెక్కన అద్దెకు తీసుకునేది. డాట్ కామ్ పేరయితే ఒక్కసారిగా పదేళ్ళకు మించి కట్టనివ్వరు. గడువు తీరుతోందని వచ్చిన ఉత్తరాలన్నీ ఎవరూ చూడని ఆ పాత ఈమెయిలుకే వెళ్ళాయి. గడువు దాటాక కొన్నాళ్ళు మామూలు రుసుముతోనూ, ఆపైన 30 రోజులు పెద్ద రుసుముతోనూ విడిపించుకోవచ్చు. అదీ దాటితే 5 రోజుల తరువాత ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరో తీసుకున్నారు. దుకాణం సంచుల మీద, బిల్లుల మీద, పెళ్ళిళ్ళ సీజనుకని వేయించిన క్యాలెండర్ల మీద ఉన్న ఆ పేరు నొక్కితే ఇప్పుడు పేకాట ప్రకటనలు తెరుచుకుంటున్నాయి. ఆడపిల్ల పెళ్ళికి చీరలు కొనే ఇంటివారికి ఆ పేజీ కనబడిందని తెలిసిన రోజున ఆయన మొహం నేను చూశాను.

నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నేనూ కొందరి పేర్లను నా ఖాతాలోనే ఉంచాను. ఆ వారంలోనే ఒక్కొక్కరికీ ఫోను చేసి, వాళ్ళ వాళ్ళ పేరుకు మార్పించాను. ఇద్దరు "ఇప్పుడెందుకండీ, మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నారు. అయినా మార్పించాను. మీకిప్పటికే వెబ్‌సైటు ఉంటే ఈ సంగతొక్కటి తెలుసుకోండి: పేరు ఎవరి ఖాతాలో ఉంది, గడువు ఏ తేదీకి తీరుతుంది, ఆ ఉత్తరం ఎవరికి వస్తుంది.

కొత్త పేరు పెద్దాయన సొంత ఈమెయిలుతో తీసుకున్నాం. ఆ పేరును మన పేజీలు ఉన్న కంప్యూటరు వైపు తిప్పినా, అందరికీ కనబడడానికి ఒక రోజో రెండు రోజులో పట్టవచ్చు. ఆ ఒక్క రోజులో ఆయన నాకు పదిసార్లు ఫోను చేశారు. ఆ తరువాత చవక ఫోనులో ఒకసారి, పగిలిన తెర ఉన్న గుమాస్తా ఫోనులో ఒకసారి తెరిచి చూశాం. బొత్తాలు బొటనవేలికి ఇరుకయ్యాయి, పెద్దవి చేశాను.

అప్పగింత రోజున ఒక నోటుపుస్తకం ఇచ్చాను. పేరు గడువు తేదీ, పేజీలున్న చోటికి కట్టవలసిన అద్దె, నకలు ఎక్కడ దాచామో, ధర మార్చాలంటే ఏమి చెయ్యాలో అన్నీ అందులో రాశాను. వాళ్ళ మనవరాలు నా ఎదుటే ఒక చీర ధర మార్చి చూపించింది.

పెద్దాయన పుస్తకం తిరగేసి, "పాస్‌వర్డులు పెన్సిలుతో రాశావేం బాబూ?" అన్నారు.

"మారుస్తూ ఉండాలి కదండీ" అన్నాను.

ఆయన తలూపి, పుస్తకాన్ని ఇనప్పెట్టెలో, ఖాతా పుస్తకాల పక్కన పెట్టి తాళం వేశారు. నాకు ఇవ్వవలసిన మిగతా సొమ్ము ఆ పెట్టెలోంచే తీసి ఇచ్చారు. నెల రోజులెందుకని మళ్ళీ అడగలేదు.